మద్దెల ఓటిదా కాదా? – కాలేజీ ఫుట్‌బాల్‌లో ఓడినవారి తీర్పు

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ గురించి రాసేవారిలోనూ మాట్లాడేవారిలోనూ ఒక అభిప్రాయం చాలాకాలంగా పాతుకుపోయి, ఇప్పుడు దాదాపు సిద్ధాంతమంత మర్యాద పొందుతోంది. ఆగస్టు చివర మొదలయ్యే పోటీలు సగానికి చేరే అక్టోబరు నెలలో, సొంత జట్టు వరసగా ఓడిపోతున్న అభిమాని ప్రత్యర్థి జట్లను తూచి, ఫలానా జట్టు పేరుకే గొప్పదనీ, ఫలానా జట్టు ఇంతవరకు గట్టివారితో తలపడనే లేదనీ, ఫలానా జట్టు ప్రత్యర్థి పొరపాటు వల్ల గట్టెక్కిందనీ చెబితే, ఆ మాటలను చెవిన పెట్టనక్కరలేదన్నదే ఆ అభిప్రాయం. దానికి ఆధారాలుగా రెండు వాదాలు చూపుతారు. గెలుపోటముల పట్టికే జట్టు యోగ్యతకు ఏకైక ప్రమాణమన్నది మొదటిది. ఓడినవాడి విమర్శ అసూయలోంచి పుడుతుంది కనుక అసలు విమర్శే కాదన్నది రెండోది. 'ఆడలేక మద్దెల ఓడు' అన్న తెలుగు సామెతను ఎవరో అమెరికా మైదానాలకు మోసుకుపోయి, దానితోనే తీర్పులు చెబుతున్నట్టుగా ఉంటుంది ఈ ధోరణి. ఈ రెండు వాదాలూ నిలిచేవి కావనీ, సీజన్ నడిమధ్యన నిరాశలో ఉన్న అభిమాని అడిగే ప్రశ్నలే అడగవలసిన ప్రశ్నలనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సామెతలోని తర్కాన్నే ముందు పరిశీలించవచ్చు. ఆడలేనివాడు మద్దెలను నిందించవచ్చు, అది లోకంలో ఉన్నదే. కానీ మద్దెల ఓటిదా కాదా అన్నది మద్దెలను వాయించి చూస్తే తెలుస్తుంది గాని, నింద వేసినవాడికి ఆట వచ్చునా రాదా అని విచారిస్తే తెలియదు. చెప్పినవాడి స్థితిని చూపి చెప్పిన మాటను కొట్టివేయడం తర్కంలో దోషమని అంగీకరించేవారే క్రీడల దగ్గరికి వచ్చేసరికి ఆ దోషాన్ని వివేకంగా చెలామణీ చేస్తున్నారు.

కాలేజీ ఫుట్‌బాల్ నిర్మాణం తెలిస్తే గాని గెలుపోటముల పట్టిక ఎంత బలహీనమైన ప్రమాణమో అర్థం కాదు. ఇది కాలితో ఆడే సాకర్ కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేతపట్టి, నాలుగు ప్రయత్నాల్లో కనీసం పది గజాలు ముందుకు కదులుతూ, ప్రత్యర్థి చివరి గీతను దాటించే ఆట. గీత దాటిస్తే టచ్‌డౌన్, దానికి 6 పాయింట్లు. బంతిని తన్ని రెండు స్తంభాల మధ్యగా పంపితే ఫీల్డ్ గోల్, దానికి 3 పాయింట్లు. పై శ్రేణిలో 130కి పైగా విశ్వవిద్యాలయ జట్లున్నాయి. ఒక్కొక్క జట్టు సాధారణ సీజన్‌లో ఆడేది 12 ఆటలే. తెలుగు పాఠకులకు బాగా తెలిసిన ఐపీఎల్‌లో 10 జట్లుంటాయి, ఒక్కొక్కటి 14 ఆటలు ఆడుతుంది, ప్రతి జట్టూ మిగిలిన ప్రతి జట్టునూ కనీసం ఒకసారి ఎదుర్కొంటుంది. కనుక అక్కడ పట్టికకు ఒక అర్థముంది. ఇక్కడ ఒక జట్టు తక్కిన జట్లలో పదోవంతునైనా కలుసుకోదు. కాన్ఫరెన్స్ అని పిలిచే కూటమి లోపలైనా పరిస్థితి మెరుగు కాదు: 2024 నుంచి బిగ్ టెన్ కూటమిలో 18 జట్లున్నాయి, ఒక్కొక్క జట్టు కూటమిలో ఆడే ఆటలు 9, అంటే 17 మంది సహచరుల్లో 8 మందిని ఆ ఏడాది చూడనైనా చూడదు. దీనికి తోడు, సీజన్ తొలివారాల్లో పెద్ద విశ్వవిద్యాలయాలు చిన్న జట్లకు డబ్బిచ్చి తమ మైదానానికి పిలిపించుకుని ఆడే ఆటలు ఒకటి రెండు ఉంటాయి. అందువల్ల అక్టోబరు మధ్యలో రెండు జట్ల పేర్ల పక్కన 6–0 అని ఒకే అంకె కనిపించినా, ఆ రెండు అంకెలూ ఒకే వస్తువును కొలవడం లేదు. ఎవరితో ఆడి గెలిచారు, ఎక్కడ గెలిచారు, ఎంత తేడాతో గెలిచారు, ఎలా గెలిచారు అన్న ప్రశ్నలు లేకుండా ఆ అంకెకు అర్థమే లేదు. ఆ ప్రశ్నలనే అభిమాని అడుగుతున్నాడు.

దీనికి 2021 నాటి నెబ్రాస్కా జట్టు కంటే మంచి నిదర్శనం దొరకదు. 1970 నుంచి 1997 వరకు ఐదుసార్లు జాతీయ విజేతగా నిలిచిన ఆ విశ్వవిద్యాలయం 2021లో 12 ఆటల్లో 3 గెలిచి 9 ఓడింది. ఆ తొమ్మిది ఓటముల్లో ఒక్కటి కూడా పది పాయింట్ల తేడాతో రాలేదు. సీజన్ మొత్తం మీద లెక్కిస్తే ఆ జట్టు ప్రత్యర్థులకిచ్చిన పాయింట్ల కంటే సాధించిన పాయింట్లే ఎక్కువ. అక్టోబరు మధ్యనాటికి ఆ జట్టు అభిమాని ఓక్లహోమా, మిషిగన్ స్టేట్, మిషిగన్ జట్లు మూడింటినీ ఎదురుగా చూశాడు, మూడింటి చేతిలోనూ ఓటమి చవిచూశాడు. ప్రచారంలో ఉన్న సిద్ధాంతం ప్రకారం అతడికి ఆ మూడు జట్ల గురించి మాట్లాడే అర్హత లేదు. నిజానికి ఆ మూడింటినీ ఒకే తూనికరాయితో, అదీ మూడు నాలుగు వారాల వ్యవధిలోనే, తూచే అవకాశం దొరికిన కొద్దిమందిలో అతడొకడు.

అతడు చూసినదేమిటి? సెప్టెంబరు 25న మిషిగన్ స్టేట్ మైదానంలో, ఆట ముగియడానికి నాలుగు నిమిషాలైనా లేనప్పుడు నెబ్రాస్కా 20–13తో ముందుంది. రెండో సగమంతా మిషిగన్ స్టేట్ దాడి దాదాపు కదలలేక చతికిలబడింది. అప్పుడు నెబ్రాస్కా పంట్ చేసింది. గజాలు సాధించలేని జట్టు బంతిని దూరంగా తన్ని ప్రత్యర్థికి అప్పగించడాన్ని పంట్ అంటారు. బంతి ఒకవైపు పడింది, దాన్ని కాపు కాయవలసిన ఆటగాళ్లు మరోవైపు పరుగెత్తారు. అందుకున్నవాడు ఎదురులేకుండా 62 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. అదనపు సమయంలో మిషిగన్ స్టేట్ 23–20తో గెలిచింది. పట్టికలో ఇది ఒక గెలుపు. ఆట చూసినవాడికి మాత్రం ఇది ఒక్క పొరపాటు పెట్టిన భిక్ష. రెండు వారాల తర్వాత, అక్టోబరు 9న, సొంత మైదానంలో మిషిగన్ చేతిలో 32–29తో నెబ్రాస్కా ఓడింది. అక్కడా తేడా మూడు పాయింట్లే, అక్కడా చివరి నిమిషాల్లో నెబ్రాస్కా ఆటగాడి చేతిలోంచి బంతిని లాగేసుకోవడమే ఫలితాన్ని నిర్ణయించింది. అయితే ఆట చివరి పావుభాగమైన నాలుగో పాదంలో రెండుసార్లు వెనకబడిన మిషిగన్ రెండుసార్లూ తన కాళ్ల మీద తాను మైదానం దాటుకుని వచ్చి స్కోరు అందుకుంది. రెండు ఓటములూ ఒకే తేడాతో వచ్చినా, ఓడించిన జట్లు రెండూ ఒకటి కావని గ్రహించడానికి ఆ రెండు ఆటల్లో నాలుగో పాదాన్ని శ్రద్ధగా చూడడం చాలు.

తర్వాత జరిగినది చరిత్ర. అక్టోబరు 30న మిషిగన్ స్టేట్ 37–33తో మిషిగన్‌ను ఓడించింది. ఈ విషయాన్ని దాచి వాదించడం నిజాయితీ కాదు. నవంబరు 2న జాతీయ ప్లేఆఫ్ జట్లను ఎంపిక చేసే 13 మంది సభ్యుల సంఘం విడుదల చేసిన తొలి పట్టికలో మిషిగన్ స్టేట్‌కు మూడో స్థానం, మిషిగన్‌కు ఏడో స్థానం దక్కాయి. నాలుగు రోజులకు మిషిగన్ స్టేట్ పర్డ్యూ చేతిలో 40–29తో ఓడింది. ఆ మరుసటి వారం ఆ సంఘమే, ముఖాముఖి ఫలితాన్ని కాదని, మిషిగన్‌ను ఆరో స్థానంలోనూ మిషిగన్ స్టేట్‌ను ఏడో స్థానంలోనూ ఉంచింది. నవంబరు 20న ఓహైయో స్టేట్ మిషిగన్ స్టేట్‌ను 56–7తో ఓడించింది. ఆ ఆటలో విరామ సమయానికే స్కోరు 49–0. మిషిగన్ మాత్రం అదే ఓహైయో స్టేట్‌ను వారం తర్వాత 42–27తో ఓడించి, బిగ్ టెన్ విజేతగా నిలిచి, ప్లేఆఫ్‌కు చేరింది. మిషిగన్ స్టేట్ చెడ్డ జట్టు కాదు, చివరికి 11 ఆటలు గెలిచింది. దేశంలో మూడో ఉత్తమ జట్టు కాదన్నంతవరకే సెప్టెంబరు చివర నెబ్రాస్కా అభిమాని చూసిన ఆట చెబుతోంది. ఆ మాటను 13 మంది పెద్దలు గ్రహించడానికి ఆరు వారాలు పట్టింది.

ఇక ఓక్లహోమా సంగతి పట్టికల స్వభావాన్నే బయటపెడుతుంది. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ 1936 నుంచి క్రీడా విలేకరుల ఓట్లతో ర్యాంకులు ప్రకటిస్తోంది. 1950 నుంచి ఒక్క ఆటైనా జరగకముందే తొలి పట్టిక విడుదల చేసే అలవాటు మొదలైంది. ప్రతి ఓటరూ 25 జట్లను వరసలో పెడతాడు, మొదటి జట్టుకు 25 పాయింట్లు, రెండోదానికి 24, అలా కిందికి. ఈ పద్ధతిలో ఒక జడత్వం ఉంది: ఆగస్టులో పైన పెట్టిన జట్టు ఓడేవరకు అంత సులభంగా కిందికి దిగదు, ఎందుకంటే గెలిచిన జట్టును దించడానికి ఓటరుకు మనసొప్పదు. 2021 ఆగస్టులో ఓక్లహోమా రెండో స్థానంలో ఉంది. తర్వాత టులేన్‌ను 40–35తో, నెబ్రాస్కాను 23–16తో, వెస్ట్ వర్జీనియాను 16–13తో, కాన్సాస్ స్టేట్‌ను 37–31తో, టెక్సస్‌ను 55–48తో ఓడించింది. తొలి ఆరు ఆటల్లో ఐదింటిలో ప్రాణం గొంతులోకి వచ్చాకే గెలుపు దక్కింది. అయినా అక్టోబరు మధ్యలో అసోసియేటెడ్ ప్రెస్ పట్టికలో ఆ జట్టు మొదటి నలుగురిలోనే ఉంది. నవంబరులో బేలర్ చేతిలో 27–14తోనూ, ఓక్లహోమా స్టేట్ చేతిలో 37–33తోనూ ఓడి ప్లేఆఫ్‌కు దూరమైంది. స్వల్ప తేడాతో వచ్చే గెలుపులు అదే నిష్పత్తిలో సీజన్ పొడవునా రావన్నది ఈ ఆట గణాంకాలు చూసేవారందరికీ తెలిసిన సంగతి; జారవిడిచిన బంతి ఎవరి చేతికి చిక్కుతుందన్నది దాని గుడ్డు ఆకారం వల్ల నాణెం ఎగరేసినట్టే ఉంటుంది, ఇరుపక్షాలకూ దాదాపు సగం సగం. ఓడిన జట్టు అభిమాని 'వాళ్లు అదృష్టం కొద్దీ గెలుస్తున్నారు' అన్నప్పుడు ఆ మాటలో పరుషత్వం ఉండవచ్చు గాని, అందులోని లెక్క తప్పు కాదు.

నిపుణులమని చెప్పుకునేవారి పట్టికలు ఈ సామాన్యుడి తూకం కంటే ఎంత మెరుగు? సంఘం తొలిసారి పట్టిక ఇచ్చిన 2014నే తీసుకుంటే, అక్టోబరు 28న మొదటి నాలుగు స్థానాల్లో ఉన్నవి మిసిసిపీ స్టేట్, ఫ్లోరిడా స్టేట్, ఆబర్న్, ఓల్ మిస్. వాటిలో మూడు ఒకే కూటమిలో ఒకే విభాగానికి చెందినవి. ఒకదాన్నొకటి ఓడించుకున్న కొద్దీ ఒకదాని ప్రతిష్ఠ మరొకదానికి ఆసరా అయింది. ఆ నాలుగింటిలో ప్లేఆఫ్‌కు చేరినది ఫ్లోరిడా స్టేట్ ఒక్కటే. ఆబర్న్ 8–5తో, ఓల్ మిస్ 9–4తో సీజన్ ముగించాయి. ఆ రోజు పదహారో స్థానంలో ఉన్న ఓహైయో స్టేట్ జాతీయ విజేత అయింది. ఓహైయో స్టేట్‌ను అంత కిందికి నెట్టినది సెప్టెంబరు తొలివారంలో వర్జీనియా టెక్ చేతిలో 35–21తో ఎదురైన ఓటమి. ఆ ఓటమి ఎందుకు వచ్చిందని అడిగి ఉంటే, దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్ స్థానంలో సీజన్‌కు ముందే గాయపడిన ఆటగాడికి బదులు కొత్త కుర్రవాడు తన రెండో ఆట ఆడుతున్నాడనీ, అతడికి అడ్డుగోడగా నిలిచే ఐదుగురిలో నలుగురు కొత్తవారనీ, ఇవి రెండూ కాలంతో పాటు సర్దుకునే లోపాలనీ తేలేది. పట్టికకు ఓటమి మాత్రమే కనిపిస్తుంది, కారణం కనిపించదు. కారణాన్ని వెతికే అలవాటు ఎవరికి ఎక్కువ? ప్రతివారమూ తన జట్టు ఎందుకు ఓడిందో తెలుసుకోక తప్పనివాడికే.

శిక్షకుల ఓటింగు పట్టిక గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు: శనివారమంతా సొంత మైదానం పక్కన నిలబడి ఉండే శిక్షకుడు అదే రోజు దేశమంతటా జరిగే ఆటలను చూడడం సాధ్యం కాదు.

గెలుపోటముల పట్టికే ప్రమాణమన్న వాదాన్ని దాని సంరక్షకులే అవసరమైనప్పుడు పక్కన పెట్టారన్నది కూడా గమనించదగినది. 2023లో ఫ్లోరిడా స్టేట్ 13 ఆటలూ గెలిచి, తన కూటమిలో విజేతగా నిలిచింది. అయినా నవంబరులో క్వార్టర్‌బ్యాక్ కాలు విరిగినందువల్ల ఇప్పుడున్న జట్టు అప్పటి జట్టు కాదన్న కారణంతో సంఘం దానికి ప్లేఆఫ్‌లో చోటివ్వలేదు. ఆ నిర్ణయం న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. అయితే పట్టికలోని అంకె వెనుక ఉన్న జట్టు ఎలాంటిదని అడిగే హక్కు 13 మందికి ఉన్నప్పుడు, అదే ప్రశ్న అడిగిన అభిమానిని అసూయాపరుడనడం ఏ న్యాయం?

పూర్వపక్షంలో బలమైన అంశాలు లేకపోలేదు. వాటిలో మొదటిది గొలుసు తర్కం గురించినది: ఒక జట్టు రెండోదాన్ని ఓడించింది, రెండోది మూడోదాన్ని ఓడించింది, కనుక మొదటిది మూడోదాని కంటే గొప్పదన్న వాదన అభిమానుల నోట తరచూ వినిపిస్తుంది, అది తప్పు. 2017 నవంబరు 11న ఆబర్న్ జార్జియాను 40–17తో ఓడించింది. మూడు వారాలకు అట్లాంటాలో అవే రెండు జట్లు తలపడినప్పుడు జార్జియా 28–7తో గెలిచింది. అవే జట్ల మధ్యనే గొలుసు నిలవనప్పుడు మూడో జట్టు దాకా అది సాగదు. ఈ ఆక్షేపణ సమంజసమే. కానీ ఇది స్కోరును మాత్రమే చూసే అభిమానికి తగులుతుంది గాని, ఆటను చూసే అభిమానికి తగలదు. పైగా ఇదే ఆక్షేపణ గెలుపోటముల పట్టికకు మరింత గట్టిగా తగులుతుంది, ఎందుకంటే గెలుపును గెలుపుగా మాత్రమే లెక్కపెట్టే పట్టికకు స్కోరులోని తేడా కూడా తెలియదు. 2002 నుంచి అప్పటి జాతీయ ర్యాంకుల పద్ధతి తన కంప్యూటర్ లెక్కల్లోంచి గెలుపు తేడాను పూర్తిగా తొలగించింది. చిన్న జట్ల మీద అనవసరంగా పాయింట్లు గుమ్మరించకుండా ఆపాలన్న సదుద్దేశంతో చేసిన పని అది, కానీ దానివల్ల ఉన్న సమాచారంలో అతి విలువైన భాగాన్ని కావాలనే కళ్లుమూసుకుని వదిలేసినట్టయింది.

రెండో ఆక్షేపణ ఇండియానా విశ్వవిద్యాలయం జట్టుకు సంబంధించినది. 2024లో ఆ జట్టు సాధారణ సీజన్‌లో 11 ఆటలు గెలిచినప్పుడు, గట్టివారితో ఆడలేదని ప్రత్యర్థుల అభిమానులు విమర్శించారు. మరుసటి ఏడాది అదే ఇండియానా 16 ఆటలూ గెలిచి జాతీయ విజేత అయింది కనుక ఆ విమర్శకులు తలదించుకోవాలన్నది ఇప్పుడు తరచూ వినిపించే మాట. ఇక్కడ రెండు సీజన్లను కలిపేస్తున్నారు. 2024లో ఆ జట్టు అగ్రశ్రేణి జట్లతో ఆడినవి రెండు ఆటలు; ఓహైయో స్టేట్ చేతిలో 38–15తోనూ, ప్లేఆఫ్ తొలి ఆటలో నోటర్‌డామ్ చేతిలో 27–17తోనూ రెండూ ఓడింది. విమర్శ ఆ ఏటి ఆటల జాబితా గురించినది. ఆ ఏటికి అది సరైనదే. 2025లో జాబితా మారింది, జట్టు మారింది, జవాబు కూడా మారింది. ప్రశ్న సరైనదైనప్పుడు ఒక ఏడాది ఒక జవాబు, మరో ఏడాది మరో జవాబు రావడం దాని బలమే.

అసూయ గురించిన ఆక్షేపణకు వస్తే, ద్వేషం చూపును వంకర చేస్తుందన్నది నిజమే. ఆశ అంతకంటే ఎక్కువ వంకర చేస్తుందన్నదీ అంతే నిజం. గెలుస్తున్న జట్టు అభిమాని ప్రతి స్వల్ప విజయంలోనూ పట్టుదలను చూస్తాడు, ప్రతి లోపానికీ సాకు వెతుకుతాడు. అక్టోబరు నాటికే ఆశలు ఆరిపోయినవాడికి సమర్థించుకోవలసినదేమీ మిగలదు. అయితే అతడి తూకంలో ఒక దోషం ఉంది, దాన్ని ఒప్పుకోవలసిందే: ప్రత్యర్థి మీద చూపే కాఠిన్యం సొంత జట్టు మీద చూపడు. స్వల్ప తేడా ఓటములన్నీ దురదృష్టమేనని నెబ్రాస్కా అభిమానులు 2021లో అనుకున్నారు. ఆనాటి శిక్షకుడి హయాం మొత్తంలో ఒక్క స్కోరు తేడాతో ముగిసిన ఆటల్లో జట్టు 5 గెలిచి 22 ఓడింది. అన్నేళ్లపాటు అంతగా ఒకేవైపు మొగ్గేది నాణెం కాదు. ప్రత్యర్థులను తూచిన రాయితోనే తమను తూచుకుని ఉంటే ఆ అభిమానుల తీర్పు సంపూర్ణమయ్యేది.

ఇదంతా కేవలం వాదులాట కోసం కాదు. 2024 నుంచి ప్లేఆఫ్‌లో 12 జట్లున్నాయి. కూటముల విజేతలకు ఐదు స్థానాలు పోగా, తక్కిన ఏడు స్థానాలు సంఘం అభిప్రాయం మీదే ఆధారపడి ఉన్నాయి. సీజన్ మధ్యలో పెరిగిన పేరుకు ధర కూడా ఉంది: 2021 నవంబరులో, 56–7 ఓటమి జరిగి వారం తిరగకముందే, మిషిగన్ స్టేట్ తన శిక్షకుడితో పదేళ్లకు 9.5 కోట్ల డాలర్ల ఒప్పందాన్ని ప్రకటించింది; మరుసటి ఏడాది ఆ జట్టు 5 గెలిచి 7 ఓడింది. ఇంత భారం మోసే అంచనాలను విలేకరులకూ, సంఘ సభ్యులకూ మాత్రమే వదిలి, ఆటను అందరికంటే దగ్గరగా చూసినవారిని గెలవలేదన్న కారణంతో బయటకు పంపడం విద్యాసంస్థల పేరుతో నడిచే ఆటకు తగదు.

2021లో నెబ్రాస్కా తన చివరి ఆటను నవంబరు 26న లింకన్ నగరంలోని మెమోరియల్ స్టేడియంలో అయోవాతో ఆడింది. 21–6 ఆధిక్యం నుంచి జారి 28–21తో ఓడింది. 1962 నవంబరు నుంచి ఒక్క ఆటకూ తప్పకుండా జరుగుతున్నట్టే, ఆ రోజు కూడా ఆ స్టేడియం టికెట్లన్నీ అమ్ముడయ్యాయి.